దొరసాని కంచంలో సగం

హలో... హలో, వినపడుతోందా అండీ? ఆఁ, ఇప్పుడు బాగుంది. అందరికీ నమస్కారం, వందనాలు, హాయ్. ఎవరికి ఏది అలవాటైతే అది తీసుకోండి. పొయ్యి మీద పాలుంటే కట్టేసి వచ్చి కూర్చోండి. కారులో ఉన్నవాళ్ళు మాత్రం ఇప్పుడు వద్దు, ఇంటికెళ్ళాక వినండి. స్టీరింగ్ పట్టుకుని నవ్వితే బాగోదు.

ఎప్పుడో ఐదారొందల ఏళ్ళ కిందట ఇంగ్లండులో బతికిన దొరసానుల పుణ్యమా అని, మన నర్సాపురం కుర్రాడొకడు అమెరికాలో, చికాగో పక్కన షామ్‌బర్గ్‌లో ఇరుక్కున్న కథ ఇది. 1984 మాట. అప్పటికి సెల్‌ఫోన్లు లేవు, వాట్సాప్ లేదు. అయినా తెలుగువాళ్ళలో కబురు ఎంత స్పీడుగా తిరిగేదో మీరే చూద్దురుగాని.

ఏప్రిల్ నెల. చికాగో వైపు వాన పైనుంచి పడదు, పక్కనుంచి కొడుతుంది. యూనివర్సిటీ పార్కింగ్ లాట్‌లో ఆ నర్సాపురం కుర్రాడు జయరాజు, అతని రూమ్మేట్ శ్యామ్‌సుందర్ ఒకే గొడుగు కింద పరుగులాంటి నడక నడుస్తున్నారు. జయరాజు ఎలక్ట్రికల్‌లో ఎం.ఎస్. చేయడానికి వచ్చి ఏడాది కాలేదు. మనిషి మంచివాడే. నోరే కాస్త వదులు.

అప్పుడు కనపడింది ఆ అమ్మాయి.

పాత డాట్సన్ కారులోంచి దిగడానికి నానా అవస్థ పడుతోంది. అవస్థకి కారణం తల మీద ఉంది. తెల్ల గుడ్డ చుట్టిన రెండు కొమ్ములు! కుడికి వంగితే ఎడమ కొమ్ము సీటుకి తగులుతోంది. ఎడమకి వంగితే కుడి కొమ్ము డోరులో ఇరుక్కుంటోంది.

"ఏంది రా అది?" అన్నాడు శ్యామ్‌సుందర్.

"గంగిరెద్దు," అన్నాడు జయరాజు. తెలుగు ఎవడికి అర్థమవుతుందిలే అన్న ధైర్యంతో గట్టిగానే అన్నాడు. "పక్కన సన్నాయి ఊదేవాడు లేడంతే. అమ్మగారికి దండం పెట్టు అంటే పెట్టేసేలా ఉంది చూడు."

కారులో కొమ్ములు ఆగిపోయాయి. నెమ్మదిగా ఇటు తిరిగాయి. కొమ్ముల కింద రెండు పెద్ద కళ్ళు.

"పెట్టదు," అంది ఆ అమ్మాయి, చక్కని తెలుగులో. "ఈ గంగిరెద్దు పొడుస్తుంది."

శ్యామ్‌సుందర్ గొడుగుతో సహా మాయమయ్యాడు. జయరాజు వానలో మిగిలాడు.

"సారీ అండీ. మీరు తెలుగువాళ్ళనుకోలేదు."

"ఓ, తెలుగు కాకపోతే అనొచ్చా?"

"అంటే... అలాక్కాదు..."

"ఇది ఫిఫ్టీన్త్ సెంచరీ ఇంగ్లిష్ నోబుల్ లేడీస్ హెడ్‌డ్రెస్. డ్రై క్లీనర్స్ హ్యాంగర్లు వంచి నేనే చేశాను. తర్వాత నవ్వుకో. ముందు నన్ను బయటికి లాగు."

"ఎక్కడ పట్టుకోమంటారు?"

"కొమ్ములు పట్టుకో. ఇంకేం పట్టుకున్నా పోలీసుని పిలుస్తా."

పట్టుకుని లాగాడు. అమ్మాయి బయటికొచ్చింది. ఒక కొమ్ము మాత్రం కిందికి వాలిపోయింది, అలిగిన మేక చెవిలాగా. జయరాజు నవ్వు ఆపుకోవడానికి చెంపల లోపలి వైపు కొరుక్కున్నాడు. ఆ అమ్మాయి అతని మొహం చూసింది, కారు అద్దంలో తన మొహం చూసుకుంది, పకపకా నవ్వేసింది.

అంతే. జయరాజు పని అక్కడే అయిపోయింది. ఆ సంగతి అతనికి తెలియడానికి మాత్రం ఇంకో వారం పట్టింది.

అమ్మాయి పేరు సువార్త. కాలేజీలో అందరూ సూ అంటారు. హిస్టరీ బి.ఏ. ఆఖరి సంవత్సరం. వాళ్ళది పాలకొల్లు. పిల్లకి ఆరేళ్ళప్పుడు తల్లి కరుణమ్మకి నర్సు ఉద్యోగం వచ్చి అందరూ ఇక్కడికి వచ్చేశారు. తండ్రి దైవాశీర్వాదం రేడియోలు తయారుచేసే కంపెనీలో సూపర్‌వైజరు. షామ్‌బర్గ్‌లో ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో ఆదివారం మధ్యాహ్నం తెలుగు ఆరాధన జరిగేది. జయరాజు కూడా అక్కడికి వెళ్ళేవాడు. భక్తి ఉంది, ఆ తర్వాత పెట్టే బిర్యానీ మీద ఇంకాస్త భక్తి ఉంది. సువార్తకి ఆదివారాలు లైబ్రరీలో డ్యూటీ. అందుకే ఇన్నాళ్ళూ ఎదురుపడలేదు.

"నీకు చేత్తో తినడం వచ్చా?" అంది సువార్త, వాలిన కొమ్ము సర్దుకుంటూ.

"ఏంటండీ ఆ ప్రశ్న? అందులో నాకు డిగ్రీ ఉంది."

"గుడ్. మా డిపార్ట్‌మెంట్ మెడీవల్ ఫీస్ట్ చేస్తోంది. అప్పటి దొరల విందు ఎలా ఉండేదో అచ్చం అలాగే. నేను లేడీ ఆఫ్ ద క్యాజిల్. నాకు మాంసం కోసి వడ్డించే కార్వర్ కావాలి. ఉన్నవాడు ఫోర్క్ లేకుండా నా వల్ల కాదని పారిపోయాడు. అప్పట్లో ఫోర్కులు లేవు. మాంసాన్ని రెండు వేళ్ళూ, బొటనవేలూ, అంతే, వాటితోనే ముట్టుకోవాలి. అరచెయ్యి తగిలితే మర్యాద పోయినట్టు."

"మా నానమ్మ కూడా అంతేనండీ. అరచేతికి అన్నం అంటితే తొడపాశం పెట్టేది."

"యువర్ నానమ్మ వాజ్ అ నోబుల్ లేడీ," అంది సువార్త సీరియస్‌గా. "శనివారం రిహార్సల్. రాకపోతే గంగిరెద్దు మాట మా మమ్మీకి చెప్తా."

---

విందు కోసం కాలేజీ జిమ్ దొరకలేదు. అందుకని అదే చర్చిలో పై హాలు అద్దెకి తీసుకున్నారు. కింద బేస్‌మెంట్ మన తెలుగువాళ్ళది, పైన హాలు శనివారం మటుకు ఇంగ్లండు దొరలది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

రిహార్సల్స్‌లో జయరాజు స్టార్ అయిపోయాడు. అమెరికన్ పిల్లలు గ్రేవీని మోచేతుల దాకా పూసుకుంటుంటే, ఇతను రెండు వేళ్ళూ బొటనవేలుతో కోడి ఎముక నుంచి కండ ఎలా విడదీయాలో క్లాసు చెప్పేవాడు. ప్రొఫెసర్ హాల్వర్సన్ అని ఒక పెద్దావిడ ఉండేది. ఆవిడ చప్పట్లు కొట్టి "మార్వెలస్!" అనేది. తిండి తిన్నందుకు జయరాజుని పుట్టి బుద్ధెరిగాక ఎవరూ మెచ్చుకోలేదు. ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

వంటింట్లోనే గొడవంతా.

"ఏం వేశావ్ అందులో?" సువార్త గరిటె పట్టుకుని అరిచింది.

"కొంచెం కారం. చప్పగా ఉందని..."

"తీసెయ్! మిరపకాయ అప్పటికి ఇంగ్లండు వెళ్ళలేదు! మిరియాలు వెయ్యి, అల్లం వెయ్యి, లవంగం, దాల్చినచెక్క, ఎంత కావాలంటే అంత వెయ్యి. కారం వేస్తే హిస్టరీ పాడవుతుంది."

"మరి అప్పుడు మనవాళ్ళేం తినేవాళ్ళు?"

"మిరియాలే. మిరపకాయ మనకీ రాలేదు అప్పటికి."

జయరాజు గరిటె కింద పెట్టేశాడు. "అంటే అప్పుడు ఆవకాయ లేదా?"

"లేదు."

"అయ్యో పాపం," అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. సువార్త నవ్వి నవ్వి ఫ్రిజ్ పట్టుకుని నిలబడింది.

ఆమె నడుముకి ఒక తాళాల గుత్తి వేలాడుతుండేది. ఆ కాలపు దొరసాని దగ్గర సుగంధద్రవ్యాల పెట్టె తాళం ఉండేదిట. దొర యుద్ధానికని ఫ్రాన్సు వెళ్తే, కోట, పొలాలు, కౌలుదార్లు, వంద మందికి వంట, అన్నీ ఆవిడే చూసుకునేదిట. శత్రువులొస్తే గోడ మీద నిలబడి సైన్యాన్ని నడిపించిన ఆవిడలు కూడా ఉన్నారుట. సువార్త ఇవన్నీ చెబుతుంటే చేతులు తిరిగేవి, కొమ్ములు ఊగేవి. జయరాజు ఉల్లిపాయ తొక్కు తీస్తూ తీస్తూ, తీయడం మర్చిపోయేవాడు.

"అయితే మహారాణి భోగమే," అన్నాడు ఒకసారి.

సువార్త మొహంలో నవ్వు తగ్గింది. "అన్నీ భోగాలు కావు. తండ్రి పోయిన అమ్మాయికి ఆస్తి ఉందనుకో, ఆ పిల్లని రాజు తన కింద పెట్టుకుంటాడు. ఆ పిల్లకి పెళ్ళి చేసే హక్కుని అమ్ముకుంటాడు. కొనుక్కున్నవాడు వాళ్ళబ్బాయికి చేసుకుంటాడు. వార్డ్‌షిప్ అంటారు దాన్ని."

"పిల్లని అడగరా?"

"చర్చి రూల్ ప్రకారం పిల్ల అవునని చెప్పాలి. కానీ ఎప్పుడు అడుగుతారు? పెద్దాళ్ళు అన్నీ డిసైడ్ చేసేశాక, అందరి మధ్యలో నిలబెట్టి అడుగుతారు. అప్పుడు నో అని ఎవరంటారు?" అంటూ గిన్నె గట్టిగా తోమింది. "నాకు వాళ్ళ మీద ఎం.ఏ. చేయాలని ఉంది. సీటు కూడా వచ్చింది. డాడీ ఏమో బి.ఏ. అయ్యాక కంప్యూటర్ కోర్స్ ఆర్ పెళ్ళి అంటారు. మా డాడీ మంచాయనే. కానీ ఆయన అడగరు. అనౌన్స్ చేస్తారు."

"మీరు గట్టిగా చెప్పొచ్చుగా."

"చెప్తాను. ఒకటి మాత్రం పక్కా. నన్ను అడక్కుండా ఎవరైనా ఇచ్చేస్తే, ఇచ్చినవాళ్ళనీ, పుచ్చుకున్నవాడినీ లైఫ్‌లో క్షమించను."

ఆ రాత్రి జయరాజు గదికి వెళ్ళి శ్యామ్‌సుందర్‌తో అన్నాడు. "ఒరేయ్, నేను పోయాను రా."

"ఎటు పోయినవ్?"

"ఫిఫ్టీన్త్ సెంచరీకి."

---

విందు రోజు మధ్యాహ్నం. హాలంతా కొవ్వొత్తులు. వేదిక మీద ఎత్తు బల్ల. దాని వెనక సువార్త.

తెల్లటి జరీ పట్టుచీరని పిన్నులతో గౌనులా మలిచి కట్టుకుంది. అది కరుణమ్మగారి పెళ్ళిచీర. కాలేజీ డ్రామాకని అడిగి తెచ్చుకుంది. కొమ్ములు మటుకు రెండోసారి కూడా కారు డోరులో ఇరుక్కుని విరిగిపోయాయి. అందుకని వాటి బదులు తల మీంచి తెల్లటి వల ముసుగు వేసుకుంది. జయరాజుకి పొడుగు కోటు ఇచ్చారు. ఎడమ భుజం మీద మడతపెట్టిన తెల్ల తుండు. అప్పటి కార్వర్లకి అది ఆనవాయితీట. అద్దంలో చూసుకుని, అచ్చం కండువా వేసుకున్నట్టుందే అనుకున్నాడు.

దొర ఫ్రాన్సు యుద్ధంలో ఉన్నాడని కథ. కాబట్టి దొరసాని పక్క కుర్చీ ఖాళీ. జయరాజు కోడి కోస్తున్నాడు. ప్రొఫెసర్ హాల్వర్సన్ నల్ల గౌనులో వచ్చి కళ్ళద్దాలు సర్దుకుని చూసింది.

"ఇద్దరికి ఒక కంచం, అదీ పద్ధతి. లేడీ ఒక్కతే తింటే తప్పు. జే, కూర్చో," అంది జయరాజుతో.

కంచమంటే కంచం కాదు, అట్టముక్కలా ఎండిన మందపాటి రొట్టె. దాని మీదే కూరా, మాంసం. ఇద్దరూ అందులోంచే తినాలి. మగవాడు మంచి ముక్క కోసి ఆవిడ వైపు పెట్టాలి. ఆవిడ తిన్నాకే తను తినాలి.

సువార్త గొంతు తగ్గించింది. "ఇది ఎంగిలి కదా?"

"అవునండీ. మా అమ్మ చూస్తే కళ్ళు తిరిగి పడిపోతుంది."

"మధ్యలో గీత గీస్తా. ఇటు నాది, అటు నీది. క్రాస్ చేస్తే యుద్ధమే." అని గ్రేవీలో వేలితో గీత గీసింది.

జయరాజు కోడి రొమ్ము కండ తీశాడు, రెండు వేళ్ళూ బొటనవేలుతో. గీత దాటించి ఆమె వైపు పెట్టాడు.

"క్రాస్ చేశావ్!"

"రూలండీ. మంచి ముక్క దొరసానిది."

ఆమె తింది. ఒక్క క్షణం ఆగి, అందులోనే మిగిలిన మెత్తటి ముక్కని వేలితో అతని వైపు తోసింది.

"ఇది ఏ రూలు?" అన్నాడు జయరాజు.

"నోర్మూసుకుని తిను," అంది సువార్త, ఎటో చూస్తూ. చెవులు ఎర్రబడ్డాయి.

సరిగ్గా అప్పుడే ప్రొఫెసర్ లేచి, చెయ్యెత్తి, లాటిన్‌లో అప్పటి భోజన ప్రార్థన చదివింది. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

సరిగ్గా అప్పుడే హాలు అద్దాల తలుపు దగ్గరికి జ్ఞానమ్మ ఆంటీ వచ్చింది.

జ్ఞానమ్మ ఆంటీ అంటే తెలుగు సంఘానికి పెద్ద దిక్కు. రేపటి బిర్యానీకి పెద్ద డేగిసా కింద పెట్టడానికొచ్చి, చప్పట్లు విని పైకెక్కింది. అద్దంలోంచి చూసింది. తెల్ల పట్టుచీర. తల మీద ముసుగు. కొవ్వొత్తులు. పక్కన భుజాన తెల్ల కండువాతో నర్సాపురం కుర్రాడు. నల్ల గౌనులో చెయ్యెత్తి దీవిస్తున్న తెల్లావిడ. చర్చి. అన్నిటికంటే మించి, ఆ పిల్లా ఆ పిల్లాడూ కొత్త పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూలా ఒకే కంచంలో బువ్వం తింటున్నారు!

ఇంకేం కావాలి? ఆంటీ చేతిలో డేగిసా మూత కింద పడి, మెట్ల మీద దొర్లుకుంటూ పోయింది. ఆంటీ కూడా దాని వెనకే దిగింది. దగ్గర్లో ఫోను ఎక్కడుందా అని.

---

"నాకొక్క మాట చెప్పకూడదటే కరుణా? నేను పరాయిదాన్నా?"

"ఏం చెప్పాలి వదినా?"

"దాచకు. నీ పెళ్ళిచీరని నేను గుర్తుపట్టనా? ఒకే కంచంలో తింటున్నారు తల్లీ, ముద్దొచ్చేలా! అబ్బాయి మంచోడేలే. ఆదివారం మూడుసార్లు వడ్డించుకుంటాడు చూడు, వాడే. పోనీ ఫంక్షన్ అయినా మన హాల్లో పెట్టుకోండి."

కరుణమ్మ ఫోను పెట్టేసిందో లేదో మళ్ళీ మోగింది. విందు ముగిసి సువార్త ఇంటికొచ్చేసరికి షామ్‌బర్గ్ అంతా తెలిసిపోయింది. పక్క ఊళ్ళ నుంచి ఇద్దరు కంగ్రాచ్యులేషన్స్ కూడా చెప్పేశారు. ఒకావిడైతే ప్రెజర్ కుక్కర్ ఇవ్వాలా, మిక్సీ ఇవ్వాలా అని అడిగింది.

సాయంత్రం జయరాజుకి పిలుపొచ్చింది. వెళ్ళాడు.

సువార్త అప్పటికే అంతా వివరించింది. అది డ్రామా, అది రొట్టె, ఆవిడ పాస్టరమ్మ కాదు, ప్రొఫెసరు. దైవాశీర్వాదంగారు విన్నారు. సోఫాలో కూర్చుని, చాలాసేపు గడ్డం గోక్కున్నారు. ఆయనకి కోపం వస్తుందేమో అనుకున్నారంతా. రాలేదు. ఐడియా వచ్చింది.

"చూడు బాబూ. పెళ్ళి కాలేదు, ఒప్పుకుంటాను. కానీ ఊరంతా అయిందంటోంది. ఇప్పుడు ఇంటింటికీ ఫోన్ చేసి కాలేదండీ అని చెప్పుకోవాలా? మీ నాన్నగారు మా తమ్ముడికి తెలుసు. నువ్వు చదువుకున్నవాడివి, సంఘంలో పిల్లాడివి. దేవుడే కలిపాడనుకుందాం. రేపు ఆరాధనలో పాస్టరుగారు నిశ్చయం ప్రకటిస్తారు. నీకేమైనా అభ్యంతరమా?"

జయరాజు నోట్లో గారె ఉంది. కరుణమ్మగారు అప్పుడే వేసి పెట్టింది, వేడి వేడిగా. కలలో కూడా తను అడగడానికి ధైర్యం చాలని మాట దానంతటదే ఎదురుగా వచ్చి కూర్చుంది. అతని తల దానంతటదే అడ్డంగా ఊగింది. అభ్యంతరం లేదని.

"అయితే సరే," అన్నారు దైవాశీర్వాదంగారు. "ఇంకో గారె వెయ్యి కరుణా."

సింకు దగ్గర నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. సువార్త తిరిగి చూసింది. తండ్రి వైపు కాదు, జయరాజు వైపు. ఏమైనా అంటాడా అని చూసింది. అతను గారె మింగుతున్నాడు.

కారు దాకా ఆమే వచ్చింది. వాన మొదలైంది. ఈసారి గొడుగు ఎవరి దగ్గరా లేదు.

"సువార్తా, నేను..."

"ఆ రోజు నన్ను గంగిరెద్దు అన్నావ్ కదా," అంది. గొంతులో కోపం కూడా లేదు, అదే భయమేసింది జయరాజుకి. "గంగిరెద్దు నేను కాదు. నువ్వు. తల ఊపమంటే ఊపావ్. డాడీ నిన్ను అడిగారు. నన్ను ఎవరూ అడగలేదు. నీకది కనపడను కూడా లేదు." తలుపు దగ్గర ఆగి చెప్పింది. "కంగ్రాట్స్. వార్డ్‌షిప్ కొనుక్కున్నావ్."

---

ఆదివారం పొద్దున శ్యామ్‌సుందర్ టై కడుతూ సలహా ఇచ్చాడు. "నోరు మూసుకొని కూసో. పొద్దుగూకేసరికి పిల్ల నీదైతది."

"ఆ పిల్ల నన్ను క్షమించదు రా."

"పెండ్లయినంక క్షమిస్తది."

"అదే రా ఆ కాలం దొరలంతా అనుకుంది," అన్నాడు జయరాజు.

బేస్‌మెంట్ కిక్కిరిసిపోయింది. మామూలుగా రానివాళ్ళు కూడా వచ్చారు. సువార్త లైబ్రరీ డ్యూటీ మానిపించి తీసుకొచ్చారు. ముందు వరసలో తల్లి పక్కన బొమ్మలా కూర్చుంది. పాటలయ్యాయి, వాక్యం అయింది. పాస్టరుగారు కళ్ళద్దాలు తుడుచుకుని నవ్వుతూ లేచారు. "ఒక సంతోషకరమైన ప్రకటన..."

"పాస్టరుగారూ, ఒక్క నిమిషం," అని జయరాజు లేచాడు. ఒక్క నిమిషం కూర్చుంటే ఈ అమ్మాయి తనది. నిలబడితే మటుకు మళ్ళీ మొహం చూస్తుందో లేదో తెలీదు. నిలబడ్డాడు.

"నిన్న జరిగింది పెళ్ళి కాదండీ. నేను అక్కడ మాంసం కోసే మనిషిని."

హాలంతా గుసగుస. జ్ఞానమ్మ ఆంటీ లేచింది. "ఏంటయ్యా ఆ మాట! ఒకే కంచంలో తిన్నారా లేదా?"

"తిన్నాం ఆంటీ. ఇంగ్లండు వాళ్ళ రూలు అది."

"మన రూలూ అదే కదయ్యా!"

"నిన్న సాయంత్రం అంకుల్ నన్ను అభ్యంతరమా అని అడిగారు. లేదన్నాను. ఇప్పుడు ఉంది." అతను దైవాశీర్వాదంగారి వైపు తిరిగాడు. "నాకు సువార్తంటే చాలా ఇష్టం అంకుల్. కొమ్ములు పట్టుకుని కారులోంచి లాగిన రోజు నుంచీ ఇష్టం. కానీ ఆవిడని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, అది నా తప్పు. ఇప్పుడు ఇంతమందిలో అడిగితే అది అడగడం కాదు, ఇరికించడం. అందుకని ఇప్పుడూ అడగను. ప్రకటన వద్దు. ఎవరైనా అడిగితే ఆ అబ్బాయే వద్దన్నాడని చెప్పండి. మీ మాటకి మచ్చ రాదు."

కూర్చున్నాడు. హార్మోనియం దగ్గర ఎవరి చెయ్యో తగిలి కుయ్యిమంది. పాస్టరుగారు "ప్రార్థన చేసుకుందాం" అన్నారు, ఇంకేమనాలో తెలియక.

---

తర్వాత భోజనాలు. జయరాజుకి ఆకలి లేదు. ఆ బేస్‌మెంట్ చరిత్రలో అదే మొదటిసారి. పేపర్ ప్లేటులో ఏదో కొంచెం పెట్టుకుని ఒక మూల మడత కుర్చీలో కూర్చున్నాడు. చుట్టూ నాలుగు కుర్చీలు ఖాళీ. అతనెవరో అంటురోగం మనిషన్నట్టు ఎవరూ ఆ దరికి పోలేదు.

సువార్త లైన్లో నిలబడింది. రెండు ప్లేట్లు తీసింది. ఎవరికోలే అనుకున్నారంతా. చేతిలో వాటిని చూసుకుంది. ఒకటి తిరిగి దొంతర మీద పెట్టేసింది. మిగిలిన ప్లేటు నిండా బిర్యానీ పెట్టించుకుంది, ఇద్దరికి సరిపడా. అలా హాలు మధ్యలోంచి, అందరూ చూస్తుండగా నడిచొచ్చి, జయరాజు పక్క కుర్చీలో కూర్చుంది. అతని చేతిలో ప్లేటు తీసి కింద పెట్టింది. తన ప్లేటు ఇద్దరి మధ్యా పెట్టింది.

గరిటెల చప్పుడు ఆగిపోయింది.

"అందరూ చూస్తున్నారు," అన్నాడు జయరాజు మెల్లిగా.

"తెలుసు. అందుకే ఒక్క ప్లేటు తెచ్చాను."

"వీళ్ళు ఏమనుకుంటారో తెలుసా?"

"హిస్టరీ స్టూడెంట్‌ని. కస్టమ్స్ నాకు తెలుసు."

జయరాజు వేలితో బిర్యానీ మధ్యలో గీత గీశాడు. ఇటు ఆమెది, అటు తనది. అది ఆమె పెట్టిన రూలే.

సువార్త ఆ గీత వైపు చూసింది. వేలితో దాన్ని చెరిపేసింది.

"ముక్క కొయ్యి," అంది. "రెండు వేళ్ళూ, బొటనవేలూ. అరచెయ్యి తగిలితే తొడపాశం."

అతను కోశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగి ముక్క సరిగ్గా కనపడలేదు. కారం ఎక్కువైందన్నాడు. సువార్త నమ్మినట్టు నటించింది.

"ఎం.ఏ. అయ్యాకే," అంది మెల్లిగా.

"పీహెచ్‌డీ అయ్యాక అయినా సరే. నేను కోట గేటు దగ్గర ఉంటా, తాళాలు మీ దగ్గరే కదా."

"మీరు అనకు. విసుగ్గా ఉంది."

"సరే... నీ దగ్గరే."

అటు చూస్తే దైవాశీర్వాదంగారు నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచి నిలబడ్డారో తెలీదు. ఒక చేతిలో నీళ్ళ జగ్గు, ఇంకో చేతిలో టవలు. కూతురు విందు గురించి చెప్పినప్పుడు ఆయన అన్నీ విన్నారన్నమాట. ఆ కాలపు దొరసాని భోజనం చేశాక ఒకరొచ్చి చేతుల మీద నీళ్ళు పోయాలని కూడా.

"చేతులు పట్టండి," అన్నారు బింకంగా.

ఇద్దరూ ప్లేటు మీదే చేతులు పట్టారు. ఆయన నీళ్ళు పోశారు. గొంతు సవరించుకున్నారు. కూతురు పుట్టాక మొదటిసారి ఆమెకి అనౌన్స్ చేయకుండా, ఆమెని అడిగారు.

"అమ్మా సువార్తా... నీకేమైనా అభ్యంతరమా?"

"ఎం.ఏ. అయ్యేదాకా ఉంది డాడీ," అంది సువార్త. "ఆ తర్వాత లేదు."

అవతల కరుణమ్మ కొంగు కళ్ళకి అద్దుకుంది. జ్ఞానమ్మ ఆంటీ మాత్రం డేగిసా పక్కన నిలబడి, గరిటె గాల్లో ఊపుతూ హాలు దద్దరిల్లేలా అంది. "నేను ముందే చెప్పానా లేదా? నా కళ్ళు ఎప్పుడైనా తప్పు చూశాయా?"

ఇదండీ సంగతి. లైన్‌లో ఉన్నారుగా? మీకు తెలిసిన ఆలుమగలెవరైనా ఒకే కంచంలో ముక్క కోసం కొట్లాడుకుంటుంటే, ఈ కథ వాళ్ళకి పంపండి. ఇంట్లో కూతురికి సంబంధాలు చూస్తున్న పెద్దవాళ్ళుంటే వాళ్ళకి ముందు పంపండి. నలుగురికీ చెప్పండి, మీ ఇష్టం. చెప్పేటప్పుడు మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పండి. జ్ఞానమ్మ ఆంటీలాగా అద్దంలోంచి చూసి చెప్పకండి. ఉంటాను మరి, బిర్యానీ చల్లారిపోతోంది.